గండి చూసినవాళ్లదే

మేడ్చల్,
జూన్ 1997.

ఒసేయ్ సాయిప్రియా,

నీ చేతిరాత ఎక్కడున్నా దాక్కోదే. నిన్న మా సైట్ ఆఫీసులో డ్రాయింగు చుట్ట విప్పితే 7 అంకె ఉన్న ప్రతిచోటా దాని నడుముకు అడ్డగీతతో బెల్టు కట్టి ఉంది. పాలిటెక్నిక్‌లో ఆ బెల్టు కోసమే కదా డ్రాయింగ్ మేడం నిన్ను బెంచీ ఎక్కించేది! మూలన చూస్తే మీ విశాఖపట్నం కంపెనీ ముద్ర, కింద నీ పొడి సంతకం. "మా ప్రియ గీసింది ఇది!" అని సైట్ అంతా వినేలా అరిచాను. ఇసుక మోస్తున్న బాలమణి తట్ట దించి మరీ వచ్చి చూసింది. "గీతలు మంచిగనే గీసింది గని, గిన్ని తీగలు ఏడికి పోతయక్కా?" అంది.

ఆ సంగతే నిన్ను అడుగుదామని కూర్చున్నాను. ఉద్యోగం దొరికిందని కార్డు రాశాను కదా, అది ఈ కొత్త ఆసుపత్రే. మేడ్చల్ రోడ్డు మీద కడుతున్నారు. కరెంటు పనులన్నీ ఆసుపత్రి తరఫున చూసుకోవాల్సింది నేనే. పొద్దున్నే షామీర్‌పేటలో బస్సెక్కితే ఎండ ముదరకముందే ఇక్కడ దిగుతాను. ఇంటర్వ్యూలో "ఆడపిల్లవు, నిచ్చెన ఎక్కుతావా?" అని అడిగారు. "ఎక్కి, దిగుతా కూడా సార్" అన్నాను. అందుకే ఇచ్చారనుకుంటా.

కింది అంతస్తులో ప్యానెల్ రూము ఉంది. ఆసుపత్రి మొత్తానికి కరెంటు అక్కడి నుంచే. దాని పక్కనే మెట్లు. మధ్య గోడను నువ్వు మందంగా గీసి 'రెండు గంటల గోడ' అని రాశావు. లోపల కేబుళ్లు అంటుకున్నా రెండు గంటల దాకా మంట గానీ పొగ గానీ మెట్ల మీదికి రాకూడదు. ఆ లోగా పైనున్న బాలింతలను, కుట్లు పడ్డవాళ్లను కిందికి దించుకోవాలి. అప్పుడు లిఫ్టు పనికి రాదు, దిక్కు ఆ మెట్లే.

గోడ బ్రహ్మాండంగా కట్టారు. కానీ కేబుళ్లు దాటించడానికి దాన్ని కంతలు కొట్టి జల్లెడ చేశారు. ఒక కంతలో నా తల పడుతుంది. కేబుళ్లు పోగా మిగిలిన సందు ఎవరు మూస్తారని అడిగాను. గోడ కట్టిన కాంట్రాక్టరు రామయ్య "నేను గోడ గట్టిన బిడ్డా. పొక్క గొట్టినోన్ని అడుగు" అన్నాడు. కరెంటు కాంట్రాక్టరు ధర్మేందర్ "పొక్క కేబుల్ కోసం గొట్టినం, కేబుల్ ఏసినం. గోడ పని నాదెట్లయితది మేడం?" అన్నాడు. ఫైర్ అలారం బిగించే ఆయనైతే "నా వైరు ఉన్న పొక్కల్నించే పోయింది, నన్నెందుకు పరేషాన్ చేస్తరు" అని చేతులు దులుపుకున్నాడు.

సరే, డ్రాయింగు ఏమంటుందో చూద్దామని చూస్తే కింద నీ ఇంగ్లీషు వాక్యం. తెలుగులో చెప్పుకుంటే ఇది: గోడలలోని కంతలు మూయుట – ఇతరులు.

ఆ ఇతరులు ఎవరే తల్లీ? ఏ ఊరు వాళ్లది? అడ్రసు రాస్తే నేనే పోయి బతిమాలి తీసుకొస్తాను.

నీ
స్రవంతి

---

విశాఖపట్నం,
జూలై 1997.

స్రవంతీ,

ఉత్తరం చూసి పగలబడి నవ్వాను. పక్క టేబులు వాళ్లు ఏమైందని అడిగారు కూడా. నా ఏడును చూసి గుర్తుపట్టినందుకు నీకు బొబ్బట్లు బాకీ.

ఇక అసలు మాట. ఆ వాక్యం నేనే రాశాను, కానీ నా సొంతం కాదు. మా ఆఫీసులో ప్రతి డ్రాయింగు మీదా అది ఉంటుంది. చేరినప్పటి నుంచి చూసి రాయడమే. మా పెద్ద ఇంజనీరు చక్రపాణి గారిని అడిగితే కళ్లజోడు పైకి నెట్టి, "గోడ మనది కాదు, కంత మనది కాదు. పేరు రాశామంటే ఆ తగాదా మన గుమ్మంలోకి వస్తుందమ్మా" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. చాలా తగాదాలు చూసినవాడు, అంతే.

నీ మేలు కోరి చెబుతున్నా, కోప్పడకు. ఎన్ని చోట్ల తిరిగి తెచ్చుకున్న ఉద్యోగం ఇది! చేరీ చేరగానే కాంట్రాక్టర్లతో, మేనేజరుతో పెట్టుకోకు. అందరూ సంతకం పెట్టే చోట నువ్వూ పెట్టెయ్. ఎక్కడో ఫాల్స్ సీలింగ్ పైన ఉండే కంత, ఎవరు చూడొచ్చారు?

అన్నట్టు, సుచిత్ర చౌరస్తా వైపు వెళితే అమ్మను ఒకసారి చూడు. కడుపులో నొప్పి అంటే స్కానింగు తీయించారట, పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయట. ఆపరేషను చేయించుకోమంటే "రాళ్లు నావి, తొందర నీకెందుకే" అంటోంది. మా తల్లి శేషారత్నం గారి సంగతి నీకు తెలుసు కదా! నేను చెబితే వినదు. నువ్వు చెబితే గోంగూర పచ్చడి పెట్టి మరీ వింటుంది.

ప్రేమతో,
సాయిప్రియ

---

షామీర్‌పేట,
ఆగస్టు 1997.

సాయిప్రియా,

కోప్పడకు అన్నావు. పడ్డాను. బస్సులో నీ ఉత్తరం చదివి కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను. పక్కనున్న ముసలమ్మ "ఏంది బిడ్డా, మొగుడు రాసిండా?" అని అడిగింది. నవ్వొచ్చి మానేశాను.

"ఎవరు చూడొచ్చారు" అన్నావు కదా, ఇది విను. ఆదివారం నేను ఇంట్లో ఉన్నాను. సోమవారం వెళ్లేసరికి మెట్ల వైపు గోడకు ఒక్క కంత లేదు! నున్నగా ప్లాస్టరింగు, మీద సున్నం, ఎర్ర రంగుతో ఇక్కడ మూయబడినది అని గుర్తు కూడా. అబ్బ, ఎంత ముద్దొచ్చిందో! రామయ్యకు ఫోను చేసి మెచ్చుకుందామనుకున్నాను. ఎందుకో నిచ్చెన వేసుకుని ప్యానెల్ రూము వైపు నుంచి చూశాను. కంతలో గోనె సంచులు కుక్కి ఉన్నాయి. వాటి వెనక ఖాళీ సిమెంటు బస్తా కాగితాలు. ఆ మెత్తటి దాని మీద బయటి వైపు మాత్రం వేలు మందాన సిమెంటు పూశారు.

ఒక సంచి లాగి పట్టుకుని, మేనేజరు ఫణిభూషణ్ గారిని పెరట్లోకి రమ్మని, ఆయన ముందే అగ్గిపుల్ల గీశాను. సుర్రున లేచింది మంట. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, "ఎందుకమ్మా ఈ తమాషాలు! ప్రారంభోత్సవానికి కార్డులు అచ్చయ్యాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయని నువ్వు సంతకం పెడితే చాలు" అన్నారు. పెట్టనన్నాను. "వచ్చే ఒకటో తారీఖు, సోమవారం దాకా ఆలోచించుకో. లేకపోతే పెట్టేవాళ్లను చూసుకుంటాను" అన్నారు. నెమ్మదిగానే అన్నారు. అరిచినా బాగుండేది.

ఇంటికొచ్చి నాయినతో చెప్పాను. నాయిన నీరటి పని చేసినవాడని నీకు తెలుసు కదా, చెరువు తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూడడం. రైతులు తమ మడికి నీళ్లు మళ్లించుకోవడానికి కాలువ గట్టు తెగ్గొట్టి, పని కాగానే అలాగే వదిలి ఇంటికి పోయేవాళ్లు. కింది పొలాల నీళ్లన్నీ ఆ గండిలోంచి వాగు పాలు. అందుకని నాయిన ఒక పద్ధతి పెట్టాడు. గట్టు ఎవరు కొడితే వాళ్ల పార తీసుకుని మా ఇంటి గోడకు ఆనించేవాడు. గండి పూడ్చాక, తను గట్టుకు ఇటు వైపూ అటు వైపూ దిగి చూశాకే పార వాపసు. ఊరి పెద్ద పటేలు పార కూడా మా ఇంట్లో ఉండేది. పార కుదువ పడిందంటే అంత నామోషీ మరొకటి లేదు ఆ రోజుల్లో.

"మరి ఎవరు కొట్టిన్రో తెల్వకపోతే?" అని అడిగాను. నాయిన బీడీ ఆర్పి, "గండి జూసినోడే పూడ్చాలె బిడ్డా. కొట్టినోన్ని తర్వాత తిట్టుకుందాం. నీళ్లు ఆగుతయా మన పంచాయితీ అయ్యేదాక?" అన్నాడు.

ప్రియా, పొద్దున్నే వెళ్లి ధర్మేందర్ డ్రిల్లింగ్ మిషన్లన్నీ నా గదిలో మేకులకు తగిలించి తాళం వేశాను. వాడొచ్చి ఎగిరాడు.

"మిషన్లు లేకుంటె నా మనుషులు గోర్లతోని తోల్వాల్నా మేడం?"

"తోల్చింది చాలు, ఇగ పూడ్సుండ్రి. రెండు దిక్కుల జూసినంక ఇస్త."

"పర్వతాలు బిడ్డెవని తెల్వక పనికి ఒప్పుకున్న" అని నాయిన పేరెత్తి గొణుక్కుంటూ పోయాడు. వాళ్ల తాత పార కూడా మా ఇంట్లో ఉండేదట!

నవ్వుతూ రాస్తున్నాను గానీ లోపల భయంగా ఉందే. సోమవారం దగ్గరికొస్తోంది. ఈ జీతం లేకపోతే మా ఇంట్లో ఏమవుతుందో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మీ కంపెనీ నుంచి ఒక్క ఉత్తరం ఇప్పించవే. ఈ కంతలు ఫలానా వాళ్లు మూయాలి అని ఒక్క పేరు రాస్తే చాలు, మేనేజరు దాన్ని కాదనలేడు. నిన్ను ఇంకెప్పుడూ ఏమీ అడగను.

స్రవంతి

---

విశాఖపట్నం,
ఆగస్టు 1997.

స్రవంతీ,

ముందే చెప్పేస్తాను, ఆ ఉత్తరం నేను సంపాదించలేకపోయాను.

నీ కాగితం పట్టుకుని చక్రపాణి గారి దగ్గరికి వెళ్లాను. గోనె సంచి సంగతి చదివి వినిపించాను. ఆయన ముఖం మారింది. తర్వాత, "అయ్యో" అన్నారు. ఆ తర్వాత, "ఒక్క సైటుకు పేరు రాస్తే పాత సైట్లన్నీ అడుగుతాయమ్మా" అన్నారు. నేను ఇంకో మాట అనలేక వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాను. నువ్వైతే అనేదానివి. నాకు తెలుసు.

నీ మీద మొదట కోపమొచ్చిన మాట నిజం. చల్లగా ఏసీలో కూర్చుని గీతలు గీసుకునేదాన్ని, దీనిలోకి నన్నెందుకు లాగుతావు అనిపించింది. కానీ మీ నాయిన మాట మూడు పూటలూ చెవిలో మోగుతూనే ఉంది. అన్నం కలుపుతుంటే కూడా. గట్టు తెగ్గొట్టినవాడి పార తీసుకున్నారు కదా ఆయన. ధర్మేందర్ గోడకు కంత కొట్టాడు. నేను కాగితం మీద కొట్టాను. ఆ వాక్యం లేకపోతే రామయ్యో ధర్మేందరో ఎవరో ఒకరు తప్పించుకోలేకపోయేవారు.

అందుకని ఈ కవరులో నా డ్రాయింగ్ పెన్ను పెట్టాను. మొదటి జీతంతో కొనుక్కున్నానని నీకు చూపించానే, అదే. ట్రేసింగు కాగితం మీద దానితో తప్ప నా చెయ్యి నడవదు. కుదువ ఉంచుకో. మా డ్రాయింగుల మీద ఆ వాక్యం మారిన రోజు వాపసు అడుగుతాను. అందాకా ఆఫీసు పెన్నుతో తంటాలు పడతాను. అది సిరా కక్కుతుంది, చక్రపాణి గారు తిడతారు, తిట్టనీ.

స్రవంతీ, నువ్వు ఆ సంచికి అగ్గిపుల్ల గీసిన చోట నేనుంటే చప్పట్లు కొట్టేదాన్నో, పారిపోయేదాన్నో చెప్పలేను. కానీ నా స్నేహితురాలివని నలుగురితో చెప్పుకుంటున్నాను. సోమవారం ఏం జరిగినా నాకు వెంటనే రాయి. ఉద్యోగం పోతే ఇక్కడికి వచ్చెయ్, నా గదిలో రెండో మంచం ఖాళీగానే ఉంది.

నీ
ప్రియ

---

మేడ్చల్,
సెప్టెంబరు 1997.

ప్రియా, నా బంగారూ,

ఉద్యోగం ఉంది! నీ రెండో మంచం నీ బట్టలకే ఉంచుకో.

పెన్ను సోమవారం పొద్దున్నే చేరింది. కొంగున ముడేసుకుని ఫణిభూషణ్ గారి గదికి వెళ్లాను. కాగితం నా ముందుకు తోశారు. నేను తిరిగి ఆయన ముందుకే తోసి, "మీరు పెట్టండి సార్. మీరు పెడితే నేను వెళ్లిపోతాను, గొడవ చేయను" అన్నాను. ఆయన కలం తీశారు. మూత తీశారు. మూత పెట్టారు. "పద, అదేదో చూపించు" అన్నారు.

ఆయనది భీమవరం, పూజ చేయకుండా కాఫీ తాగని, నీచు వాసన పడని మనిషి. తెల్ల సఫారీలో ప్యానెల్ రూములో నిచ్చెనెక్కారు. నేను అప్పటికే గోనెలన్నీ పీకించి ఉంచాను. కంత దగ్గర ముఖం పెట్టగానే ముక్కు మూసుకుని, "ఇదేం కంపు!" అన్నారు. అవతల మెట్ల మీద బాలమణి టిఫిను విప్పుకుని కూర్చుంది. ఎండు చేపల కూర. ఆ వాసన కంతలోంచి నేరుగా ఆయన ముక్కులోకి.

"కూర వాసన ఇటు వస్తే, పొగ అటు పోదా సార్?" అని అడిగాను.

నేను వేసుకున్న ఎత్తు కాదే, ఒట్టు. బాలమణి ఆ మెట్ల మీద రోజూ తింటుంది, చల్లగా ఉంటుందని. అవతలి నుంచి తను "ఎవరది పొక్కల్నించి నా కూర జూస్తున్నది?" అని అరిస్తే ఆయన నిచ్చెన మీదే నవ్వేశారు. దిగాక మాత్రం నవ్వలేదు. చేతులు కడుక్కుని రామయ్యను, ధర్మేందర్‌ను పిలిపించారు. మళ్లీ అదే పాట, నాది కాదంటే నాది కాదు. ఆయన విసిగిపోయి, "అసలు ఇది ఎవరి పని? ఎవరి పేరు రాయను?" అని నా వైపు తిరిగారు.

"నా పేరు రాయండి సార్" అన్నాను.

నాకే ఆశ్చర్యమేసింది, ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు. చూసింది నేను కదా మరి. కేబుళ్ల చుట్టూ మంటకు ఆగే ముద్ద కూరే పని ధర్మేందర్ మనుషులది. గోడ అంచులు సరిచేసేది రామయ్య మేస్త్రీలు. మూశారా లేదా రెండు వైపులా చూసేది, ఆ తర్వాత ఎప్పుడు ఏ కంత తెరిచి ఉన్నా జవాబు చెప్పేది నేను. అలా కాగితం మీద రాయించుకున్నాను. రామయ్య గడ్డం గోక్కుంటూ, "ఆడిపోరి పేరు రాసుకున్నంక నేను కాదంటె మంచిగుంటదా" అన్నాడు. ధర్మేందర్ తన మిషన్ల వైపు ఆశగా చూస్తూ తలూపాడు.

ప్రారంభోత్సవం వెనక్కి జరిపారు. బొంబాయి నుంచి డబ్బాల్లో ముద్ద వచ్చింది, చూడడానికి మినప్పిండిలా ఉంటుంది. మంట తగిలితే ఉబ్బి సందులన్నీ బిగించేస్తుంది. ప్రతి కంతనూ ఇటు ఎక్కి, అటు ఎక్కి చూశాకే ఒక్కొక్క మిషన్ విడిపించాను. ఇప్పుడు మేకులన్నీ ఖాళీ. ఒక్క మేకుకు మాత్రం నీ పెన్ను వేలాడుతోంది.

నీ ఇతరులు దొరికారే. షామీర్‌పేటలోనే ఉన్నారు.

స్రవంతి

---

విశాఖపట్నం,
ఫిబ్రవరి 1998.

స్రవంతీ,

నీ సెప్టెంబరు ఉత్తరం మడతలు చిరిగిపోయేదాకా అందరికీ చదివి వినిపించాను. ఎండు చేపల దగ్గర చక్రపాణి గారు కూడా నవ్వారు. కానీ వాక్యం మారలేదు. "చూద్దాం" అంటారు. పండగకొకసారి అడుగుతున్నాను. ఆ సిరా కక్కే పెన్నుతో నా వేళ్లు నల్లబడ్డాయి. ఇంట్లో వాళ్లకు మాట నిలబెట్టుకోలేని దాన్నని తెలుసు, నీకు తెలియకూడదని ఇన్నాళ్లూ రాయలేదు.

ఇవాళ రాస్తున్నది వేరే పని మీద. అమ్మకు మళ్లీ నొప్పి వచ్చిందట. ఈసారి ఆపరేషనుకు ఒప్పుకుంది, అదీ నువ్వున్న ఆసుపత్రి అయితేనేనట. "ఆ పిల్ల గోడలే అంత పట్టుబట్టి చూసుకుంటే, మనుషులను చూసుకోదా" అంటోంది. ఏప్రిల్‌లో చేరుస్తారు. నాకు సెలవు దొరకడం కష్టం. నువ్వు ఉన్నావన్న ధైర్యమే.

గోడ మీద నీ పేరు ఉన్న చోటే అమ్మ ఉంటుంది అనుకుంటే ఏమిటో నిశ్చింతగా ఉంది. ఇంతకుముందు గోడల గురించి ఎప్పుడూ అలా అనుకోలేదు.

ప్రియ

---

మేడ్చల్,
ఏప్రిల్ 1998.

ప్రియా,

ముందు ఈ ముక్క చదువు, తర్వాత మిగతాది. అమ్మ బాగుంది. ఫోనులో నువ్వు ఏడుస్తుంటే నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

ఎండలకు కూలర్లన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళ ప్యానెల్ రూములో ఒక కేబుల్ జాయింటు కాలిపోయి మంట లేచింది. నేను కరెంటు ఆపి బయటికి వచ్చేలోపే లోపలంతా నల్లటి పొగ. ఇనుప తలుపు లాగి మూసేశాను. ఫైరింజన్ రావడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా లోపల కేబుళ్లు పటపటా పేలుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పై అంతస్తుకు పరిగెత్తాను. నర్సులు, ఆయాలు, రోగుల బంధువులు, అందరం కలిసి ఒక్కొక్కరినీ మెట్ల మీదుగా దించాం. గోడను ఆనుకునే దిగాం ప్రియా. దాని అవతల మంట. ఇవతల సున్నం తెల్లగా ఉంది. ఒక బాలింత బిడ్డ నిద్ర కూడా లేవలేదు. ఆంటీని నేనూ, ఇప్పుడు ఇక్కడ రిపేర్లు చూస్తున్న ధర్మేందరూ కుర్చీలో కూర్చోబెట్టి మోశాం. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని దారంతా నన్ను కోప్పడింది. "పొగ ఏదే? ఎక్కడుంది? ఊరికే దింపేస్తున్నారు మనుషుల్ని! నా చెప్పులు పైనే ఉండిపోయాయి" అని. వేపచెట్టు కింద కూర్చోబెట్టాక ప్యానెల్ రూము కిటికీలోంచి వస్తున్న నల్లటి పొగ చూసి నోరు మూసుకుంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అంతా అయ్యాక లోపలికి వెళ్లి చూశాం. ప్యానెల్ వైపు గోడ పెనం అడుగులా మాడిపోయింది. ముద్ద ఉబ్బి రాయిలా బిగుసుకుంది. మెట్ల వైపు మరక కూడా లేదు. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. దాచుకోను, వెక్కి వెక్కి ఏడ్చాను. ఫణిభూషణ్ గారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఆ గోడను అరచేత్తో ఒకసారి తడిమి లేచి వెళ్లారు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను, దీనికి దండం పెట్టుకోవాల్సింది నాకు కాదు. మంటకు కొన్నాళ్ల ముందు నాకు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాను. ఆ రోజుల్లో డాక్టర్ల గదిలో టీవీ కోసం కేబుల్ టీవీ అతను వచ్చాడు. అదే గోడకు కొత్త కంత కొట్టి, వైరు లాగి వెళ్లిపోయాడు. నేను తిరిగి పనిలో చేరింది మంట లేచిన రోజే, నాకు తెలియనే తెలియదు. మంట ఆరాక గోడ చూస్తుంటే ఆ వైరు కనబడింది, చుట్టూ ముద్ద శుభ్రంగా కూరి ఉంది. ఎవరు చేశారని అడిగితే ధర్మేందర్ నేల చూపులు చూశాడు.

"బల్బు మార్చనీకి వచ్చిన మేడం. పొక్క కనవడ్డది. డబ్బాల ముద్ద మిగిలే ఉండె. కూరిన."

"నీకు ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు జెప్పాలె? గండి జూసినోడే పూడ్చాలె గదా. మీ నాయిన మా తాతకు జెప్పింది, మా తాత మాకు జెప్పలే గని, మీరు జెప్తిరి." తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "గా టీవీ అతని మిషన్ గూడ గుంజుకొని మీ మేకుకు తగిలించిన. రెండు దిక్కుల జూసినంకనే ఇయ్యిండ్రి" అన్నాడు.

ప్రియా, ఆ కంత నాకు కనబడలేదు. గోడ మీద పేరు నాది, అమ్మను కాపాడిన చెయ్యి ధర్మేందర్‌ది. ఈ మాట నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆంటీ ఎల్లుండి డిశ్చార్జి. చెప్పులు దొరికాయి.

స్రవంతి

---

విశాఖపట్నం,
మే 1998.

స్రవంతీ,

నీ ఉత్తరం తీసుకుని నేరుగా చక్రపాణి గారి బల్ల ముందు నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. మొత్తం చదవమని ఇచ్చాను. చదివారు. టీవీ కంత దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివారు.

"సార్, మనం ఇతరులు అని రాశాం. ఆ మేడ మీద పడుకుని ఉన్నది మా అమ్మ" అన్నాను. ఈసారి నువ్వు పక్కన ఉన్నట్టే అనిపించింది.

ఆయన లేచి బీరువా తీశారు. అన్ని డ్రాయింగులకూ మూలమైన ట్రేసింగు కాగితం ఒకటి ఉంటుంది మా దగ్గర. ఆ వాక్యం పుట్టింది దాని మీదే. దాన్ని బల్ల మీద పరిచి, సొరుగులోంచి కొత్త బ్లేడు తీసి నా చేతిలో పెట్టారు. ట్రేసింగు మీద సిరా చెరపాలంటే బ్లేడుతో మెల్లగా గీకాలి, తెలుసు కదా. "నువ్వే గీకమ్మా. నా చెయ్యి ఇన్నేళ్లుగా దాటేసుకుంటూ వచ్చింది" అన్నారు. కాగితం చిరగకుండా గీకడానికి చాలాసేపు పట్టింది. ఆయన నిలబడే ఉన్నారు, టీ చల్లారిపోయినా.

ఆ జాగాలో ఇలా రాశాను: గోడకు కంత కొట్టినవారే, కేబుల్ లాగిన రోజే, మంటకు ఆగే పదార్థంతో మూయవలెను. సైట్ ఇంజనీరు రెండు వైపులా చూడవలెను. ఎవరు కొట్టిందీ తెలియనిచో, చూసినవారు మూయించవలెను. చివరి ముక్క చూసి ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "ఇది ఏ పుస్తకంలోది?" అని అడిగారు. "షామీర్‌పేట కాలువ గట్టు మీదిది సార్" అన్నాను. ఉండనివ్వు అన్నారు.

ఇదంతా సిరా కక్కే పెన్నుతోనే రాశాను. ఒక మరక కూడా పడింది. కొత్త ప్రింటు ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కుత్బుల్లాపూర్‌లో కట్టబోయే గోడౌనుది. ఏడు అంకెలకు బెల్టులున్నాయి, చూసుకో.

ధర్మేందర్ గారికి నా దండాలు చెప్పు. ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. అమ్మ మాత్రం అతనికి గోంగూర పచ్చడి సీసా పంపించిందట, సీసా వాపసు ఇమ్మని కబురుతో సహా.

మాట నిలబెట్టుకున్నాను కదే. ఇక నా పెన్ను పంపించు తల్లీ.

నీ
ప్రియ

---

మేడ్చల్,
జూన్ 1998.

ప్రియా,

ప్రింటు అందింది. నాయినకు చదివి అర్థం చెప్పాను. చివరి వాక్యం రెండోసారి చదివించుకున్నాడు. "గంత దూరంల ఉన్న పిల్లకు నా మాట ఎట్ల తెలిసె?" అని మురిసిపోతున్నాడు. వాడకట్టులో ఎవరు కనబడ్డా చెబుతున్నాడు.

గర్వంగా ఉందే నిన్ను చూస్తే. నిచ్చెన ఎక్కడం నాకు అలవాటే. నువ్వు ఆ బల్ల ముందు నిలబడడం దానికంటే కష్టం.

కానీ పెన్ను పంపను. నువ్వు నాకు చూపించింది ఒక వైపే, కాగితం వైపు. రెండో వైపు కుత్బుల్లాపూర్‌లో గోడ దగ్గర ఉంటుంది. ఆ గోడ లేచాక, కేబుళ్లు దాటాక, నువ్వు రావాలి. ఇద్దరం నిచ్చెన వేసుకుని ఇటు ఎక్కి, అటు ఎక్కి చూద్దాం. అప్పుడు నా చేత్తో ఇస్తాను. నాయిన పటేలుకే మినహాయింపు ఇవ్వలేదు, నీకిస్తానా?

అందాకా భద్రంగానే ఉంటుంది, మేకుకు, ధర్మేందర్ డ్రిల్లింగ్ మిషన్ పక్కన. అవును, నిన్న మళ్లీ కంత కొట్టాడు.

నీ
స్రవంతి